మార్చి–మే వాతావరణ అంచనాను మన జిల్లాకు ఎలా చదువుకోవాలి: అనంతపురం, కర్నూలు, కడప వాసులకు

శివరాత్రి దగ్గరపడే కొద్దీ ఏటా ఇవే ప్రశ్నలు వస్తాయి. "ఈసారి ఎండలు ముదురుతాయని టీవీలో చెప్పారు, అనంతపురానికి కూడానా?" "మార్చిలో వాన తక్కువన్నారు, మిరపకాయలు కల్లంలోనే ఉంచవచ్చా?" "ఫోనులో ఒకటి కనిపిస్తోంది, వాతావరణ శాఖ ఇంకొకటి చెబుతోంది, ఏది నమ్మాలి?" ఒక్కొక్కరికీ విడిగా జవాబు చెప్పడం కంటే, ఆ అంచనాను ఎవరికి వారే చదువుకునే పద్ధతి రాయడం మేలని ఇది రాస్తున్నాను.

ముఖ్యమైన మాట ముందే చెబుతాను. భారత వాతావరణ శాఖ ఫిబ్రవరి ఆఖరున ఇచ్చే అంచనా, రాబోయే నెలలు ఎటు మొగ్గుతున్నాయో చెబుతుంది. మీ మండలంలో ఏ తేదీన ఏం జరుగుతుందో చెప్పదు. మన మూడు జిల్లాల వరకు అందులోని ఉష్ణోగ్రతల పటాలు బాగా పనికొస్తాయి. మార్చి వాన పటం మీద ఆధారపడి ఏ పనీ పెట్టుకోకూడదు. రెండింటినీ ఒకే తూకంతో నమ్మడం వల్లే ఎక్కువ మంది దెబ్బతింటున్నారు.

మూడు జిల్లాలు అంటున్నది పాత లెక్కన. 2022 ఏప్రిల్ 4 నుంచి నంద్యాల, శ్రీ సత్యసాయి, అన్నమయ్య జిల్లాలు విడివడ్డాయి. పాత వర్షపాతం పట్టికలు చూసేటప్పుడు నంద్యాల కోసం కర్నూలులో, హిందూపురం కోసం అనంతపురంలో వెతకాలి.

కావలసినవి

- ఇంటర్నెట్ ఉన్న ఫోను. అందులో వాతావరణ శాఖ వారి మౌసమ్, రైతుల కోసం మేఘదూత్, పిడుగుల హెచ్చరికకు దామిని యాప్‌లు. మూడూ ఉచితమే.
- రాయలసీమ సరిహద్దులు తెలిసే ఒక మ్యాపు. పిల్లల అట్లాసు చాలు.
- ఒక నోటుపుస్తకం. ఫోనులో రాసుకునేవాళ్లు అలాగే రాసుకోవచ్చు, కానీ ఫోను మారినప్పుడు లెక్క పోకుండా చూసుకోండి.
- వీలైతే గరిష్ఠ–కనిష్ఠ థర్మామీటరు. లేకపోయినా పని ఆగదు.
- అడుగు నుంచి మూతి దాకా ఒకే వెడల్పు ఉన్న డబ్బా, ఒక స్కేలు. వాన కొలవడానికి.

1. అసలు ప్రకటననే తెరవండి

అంచనా ఫిబ్రవరి చివరి రోజున గానీ మార్చి 1న గానీ వస్తుంది. వాతావరణ శాఖ వెబ్‌సైటులో (మౌసమ్ డాట్ ఐఎండీ డాట్ జీఓవీ డాట్ ఇన్) పత్రికా ప్రకటనల దగ్గర ఉంటుంది. ఇంగ్లీషు, హిందీల్లో ఉంటుంది కాబట్టి చాలామంది అక్కడే వదిలేస్తారు. వదలకండి. మనకు కావలసింది పటాలు. వాటికి భాషతో పెద్దగా పని లేదు.

తెరవగానే రెండు చూడండి: విడుదల తేదీ, ఏ ఏడాదికి చెందినది. వాట్సాప్‌లో తిరిగే ఎర్రటి పటాల్లో పాత ఏడాదివి చాలానే ఉంటాయి. తేదీ లేని పటం ఎంత బాగున్నా పక్కన పెట్టేయండి.

వార్తాపత్రికలో శీర్షిక చదివి ఊరుకుంటే ఏం పోతుందో కూడా చెప్పాలి. "దేశంలో చాలా ప్రాంతాల్లో సాధారణం కంటే ఎక్కువ ఉష్ణోగ్రతలు" అన్న వాక్యం శీర్షిక అవుతుంది. దాని తోకగా "ఫలానా ప్రాంతాలు మినహా" అని ఉంటుంది. ఆ మినహాయింపుల్లో దక్షిణ ద్వీపకల్పంలోని కొన్ని భాగాలు తరచుగా కనిపిస్తాయి. మనం ఉండేది అక్కడే. శీర్షికలో పట్టని ఆ తోకే మన వార్త.

2. ఏ పటం ఏ నెలకో విడదీయండి

ఒకే ప్రకటనలో రెండు కాలాలు కలిసి ఉంటాయి: ఒక్క మార్చి నెలకు ఒక జత, మార్చి నుంచి మే దాకా మొత్తానికి ఇంకో జత. ప్రతి కాలానికీ పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత, రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత గురించి చెబుతారు. వాన గురించి కూడా ఉంటుంది. వడగాలులు వీచే రోజులు సాధారణం కంటే ఎక్కువా తక్కువా అన్నది వేరుగా ఉంటుంది.

నోటుపుస్తకంలో ఒక్కో పటానికి ఒక్కో వరుస రాసుకోండి. మార్చి పటం చూసి మే నెల గురించి మాట్లాడడం, మూడు నెలల పటం చూసి వచ్చే వారం పెళ్లి గురించి ఆలోచించడం: ఈ రెండు పొరపాట్లూ ఇక్కడే పుడతాయి.

3. పటం మీద మనల్ని గుర్తించండి

దేశపటం మీద రాయలసీమ గోరంత ఉంటుంది. పడమట బళ్లారి, రాయచూరు. ఉత్తరాన తుంగభద్ర దాటితే గద్వాల. తూర్పున నల్లమల అవతల ప్రకాశం, వెలికొండల అవతల నెల్లూరు. వీటిని ఆనవాళ్లుగా పెట్టుకొని ఫోనులో పటాన్ని పెద్దది చేసి చూడండి.

మన మీద ఒక రంగు ఉంది, చుట్టూ నాలుగు వైపులా కూడా అదే రంగు ఉంది అంటే ఆ మొగ్గును కాస్త నమ్మవచ్చు. కర్నూలు మీద ఒక రంగు, కడప మీద ఇంకో రంగు ఉండి, గీత మధ్యలోంచి పోతుంటే, ఆ గీతను పట్టుకొని "మా జిల్లా ఇటువైపు" అని వాదించకండి. ఇంత పెద్ద ప్రాంతాల కోసం వేసిన అంచనాకు జిల్లా సరిహద్దులు తెలియవు. అలాంటప్పుడు "స్పష్టంగా చెప్పలేదు" అని రాసుకోవడమే సరైన పని.

4. రంగు డిగ్రీలను చూపదు, అవకాశాన్ని చూపుతుంది

అన్నింటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే, కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుదాం.

గడచిన ఏళ్ల మార్చి నెలలన్నింటినీ చల్లటివి ఒక వైపు, వేడివి ఇంకో వైపు వచ్చేలా వరుసగా పేర్చి మూడు సమాన భాగాలు చేశారనుకోండి: సాధారణం కంటే తక్కువ, సాధారణం, సాధారణం కంటే ఎక్కువ. ఏమీ తెలియనప్పుడు ఒక్కో భాగానికి 33 శాతం అవకాశం. పలు కంప్యూటర్ నమూనాలను కలిపి చూశాక ఏ భాగం వైపు మొగ్గు కనిపిస్తే ఆ రంగు వేస్తారు. మొగ్గు ఎంత బలంగా ఉంటే రంగు అంత ముదురుగా ఉంటుంది.

అంటే ముదురు ఎరుపు చూసి "45 డిగ్రీలు కొడుతుంది" అనుకోకూడదు. సాధారణం కంటే ఎక్కువ ఉంటుందన్న నమ్మకం బలంగా ఉందని మాత్రమే దాని అర్థం. ఆ ఎక్కువ అర డిగ్రీ కావచ్చు, రెండు డిగ్రీలు కావచ్చు. లేత ఎరుపు ఉన్న చోట నిజంగా మండిపోనూ వచ్చు. ఉష్ణోగ్రతకు, వానకు రంగుల అర్థాలు వేరు కాబట్టి ప్రతి పటం కింద ఉన్న రంగుల పట్టీని ముందు చదవండి.

భూభాగం మీద తెల్లగా వదిలేసిన చోటు గురించి కూడా అడుగుతుంటారు. తెలుపు అంటే "అక్కడ అంతా సాధారణం" అని కాదు. మూడు అవకాశాలూ సమానం, ఎటూ చెప్పలేము అని.

నోటుపుస్తకంలో ఇలా రాసుకోండి: "మార్చి, పగలు, అనంతపురం: సాధారణం కంటే ఎక్కువ, 55–65 శాతం." శాతం రాయని వరుసను నెలాఖరున సరిచూడడం సాధ్యం కాదు.

5. పక్కన మన "సాధారణం" రాసుకోండి

"సాధారణం కంటే ఎక్కువ" అన్న మాటకు మన సాధారణం ఎంతో తెలియకుండా అర్థమే లేదు. ఉష్ణోగ్రతలకు వాతావరణ శాఖ 1991–2020 మధ్య సగటును వాడుతుంది. అనంతపురం, కర్నూలు, నంద్యాల, కడపల్లో శాఖకు పరిశీలన కేంద్రాలు ఉన్నాయి. మీకు దగ్గరున్న కేంద్రం సాధారణ అంకెలు తీసుకోండి.

చేతికందే లెక్కగా అయితే, మార్చిలో మన పట్టణాల పగటి సగటు 36 నుంచి 38 డిగ్రీల మధ్య, ఏప్రిల్ ఆఖరుకు 39–40 దగ్గర ఉంటుంది. ఢిల్లీకి మార్చిలో 35 డిగ్రీలు వార్త. మనకు అది హాయిగా గడిచిన పగలు. ఉత్తరాది ఛానెల్ చూసి భయపడినా, ధైర్యం తెచ్చుకున్నా ఫలితం తప్పే.

రాత్రి పటాన్ని దాటవేయకండి. పగలు ఒకటి రెండు డిగ్రీలు పెరిగితే నీడలో తట్టుకుంటాం. రాత్రి చల్లబడకపోతే మనిషికీ పశువుకీ తేరుకునే సమయం ఉండదు. మిద్దె ఇళ్లలో, రేకుల షెడ్లలో ఉండేవారికి అసలు కష్టం అక్కడే. ఇంట్లో వృద్ధులు, పసిపిల్లలు, గుండె జబ్బు ఉన్నవారు ఉంటే పగటి పటం కంటే ముందు రాత్రి పటం చూడండి.

6. మార్చి వాన పటాన్ని పక్కన పెట్టండి

ఎందుకో అంకెల్లో చూపిస్తాను. దేశం మొత్తానికి మార్చి సగటు వర్షపాతం 29.9 మిల్లీమీటర్లు (1971–2020 లెక్క). అందులో 83 నుంచి 117 శాతం మధ్య పడితే "సాధారణం" అంటారు. ఈ సగటులో పెద్ద వాటా హిమాలయ ప్రాంతాలది, ఈశాన్యానిది. మన దగ్గర మార్చిలో పడేది కొద్ది మిల్లీమీటర్లే.

మీ దగ్గర మార్చి సాధారణం 5 మిల్లీమీటర్లు అనుకుందాం. ఒక సాయంత్రం ఉరుములతో అరగంట జల్లు పడి 15 మిల్లీమీటర్లు నమోదైతే, ఆ నెల 200 శాతం అధికం. ఆ జల్లు పక్క ఊళ్లో పడితే మీకు నూటికి నూరు శాతం లోటు. రెండు ఊళ్ల మధ్య దూరం నాలుగు కిలోమీటర్లు. ఏ దేశపటమూ దీన్ని ముందుగా చెప్పలేదు.

మార్చి–మే మూడు నెలల వాన పటం ఇస్తే అది కొంచెం నయం, కానీ దాన్నీ జాగ్రత్తగా చదవాలి. మనకు ఆ మూడు నెలల వానలో ఎక్కువ భాగం మే నెలలో పడుతుంది. కాబట్టి "సాధారణం కంటే ఎక్కువ" అని ఉంటే ఎక్కువగా మే గురించి అనుకోండి. ఉగాదికి ముందు చెరువులోకి నీళ్లు వస్తాయని కాదు.

2022, 2023 సంవత్సరాలు పక్కపక్కన పెట్టి చూడండి. 2022 మార్చిలో దేశ సగటు గరిష్ఠ ఉష్ణోగ్రత 1901 నుంచి ఉన్న రికార్డుల్లోనే అత్యధికం. వాన బాగా తగ్గింది. 2023 ఫిబ్రవరి 28న వచ్చిన అంచనా కూడా దేశంలో చాలా చోట్ల వేసవి ఎండలు ఎక్కువని చెప్పింది. ఆ మార్చి మూడో వారంలోనే తెలుగు రాష్ట్రాల్లో వడగండ్ల వాన పడి కోతకొచ్చిన పంటలు దెబ్బతిన్నాయి. దేశమంతటి మార్చి వర్షపాతం సాధారణాన్ని పావువంతు మించింది. వేసవి వేడిగా ఉంటుందన్న అంచనాకూ, మధ్యలో నాలుగు రోజుల వడగండ్లకూ వైరుధ్యం లేదు. "ఎండలన్నారు కదా" అని కల్లం మీద పట్ట కప్పకపోవడమే మనం చేయకూడని పని.

7. వడగాలుల రోజుల అంచనాకు కొలబద్ద తెలుసుకోండి

మైదాన ప్రాంతంలో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలకు చేరాలి. అది సాధారణం కంటే 4.5 నుంచి 6.4 డిగ్రీలు ఎక్కువ ఉంటే వడగాలి, 6.4 దాటితే తీవ్ర వడగాలి. లేదా సాధారణంతో సంబంధం లేకుండా 45 డిగ్రీలు చేరితే వడగాలి, 47 చేరితే తీవ్ర వడగాలి. ఒక వాతావరణ ఉపవిభాగంలో కనీసం రెండు కేంద్రాల్లో, వరుసగా రెండు రోజులు ఇలా ఉంటే రెండో రోజు ప్రకటిస్తారు. దేశంలో ఇలాంటి ఉపవిభాగాలు 36. రాయలసీమ అందులో ఒకటి.

ఇప్పుడు లెక్క వేయండి. ఏప్రిల్ ఆఖరున కర్నూలు సాధారణం 40 దగ్గర ఉంటే, వడగాలి అనిపించుకోవడానికి 44.5 కావాలి. 42 డిగ్రీల ఎండలో బండలు మోసే కూలీకి, ఉపాధి హామీ పనికి వెళ్లే మహిళకు ఆ రోజు "వడగాలి లేని రోజు". అందుకే అంచనాలో "వడగాలుల రోజులు సాధారణం" అని ఉన్నా, 40 దాటిన ప్రతి రోజునూ ప్రమాదకరమైన రోజుగానే చూడండి. వడదెబ్బ తగలడానికి అధికారిక ప్రకటన అక్కర్లేదు.

రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ మండలాల వారీగా ఇచ్చే వడగాలుల జాబితా వేరు. మీ మండలం పేరు అందులో ఉంటే, దేశపటం ఏ రంగులో ఉన్నా ఆ జాబితానే పాటించండి.

8. అంచనాను పనులుగా మార్చుకోండి

నియమం ఒక్కటే: అంచనా తప్పినా నష్టం లేని పనులు ఇప్పుడే చేయండి, తప్పితే చేతులు కాలే పనులను దగ్గరి అంచనా వచ్చేదాకా ఆపండి.

చీనీ (బత్తాయి) తోట ఉన్నవారు. నార్పల, గార్లదిన్నె, తాడిపత్రి వైపు నీళ్లు ఆపి మళ్లీ కట్టి పూత రప్పించిన తోటల్లో మార్చికి పిందె కట్టి ఉంటుంది. పగలూ రాత్రీ రెండు పటాలూ ఎక్కువ వైపు మొగ్గితే పిందె రాలడం ఎక్కువవుతుందనే లెక్కతో ఉండండి. పాదుల్లో వేరుశనగ పొట్టు గానీ ఎండుగడ్డి గానీ మందంగా పరచండి. డ్రిప్పు లాటరళ్లు (చెట్లకు నీళ్లందించే సన్న గొట్టాలు) శుభ్రం చేసి, ప్రతి చెట్టు కిందా నీరు సమానంగా వస్తోందో నడిచి చూడండి. ఈ పనులు అంచనా తప్పినా వృథా కావు. అంచనా చూసి కొత్త బోరు వేయించడం మాత్రం వద్దు; బోరులో నీళ్లు ఉండడం, లేకపోవడం గత వానాకాలం, అక్టోబరు–డిసెంబరు వానల మీద ఆధారపడింది, ఈ పటం మీద కాదు.

మిరప, పసుపు, శనగ. కర్నూలు, నంద్యాల కల్లాల్లో మిరప ఆరుతుంటుంది, మైదుకూరు, దువ్వూరు వైపు పసుపు ఉడికి ఎండుతుంటుంది. వీటికి ఏ పటంతోనూ పని లేదు. టార్పాలిన్ పట్టలు చిరుగులు లేకుండా కల్లం పక్కనే ఉండాలి, కల్లం చుట్టూ నీరు పోయే కాలువ తీసి ఉండాలి. మధ్యాహ్నం దాకా భగ్గుమని ఎండ కాసి, సాయంత్రం నాలుగింటికి పడమట నల్లగా మబ్బు లేస్తే దేశపటం తెరిచే సమయం ఉండదు.

అరటి. పులివెందుల, లింగాల, పుట్లూరు, యల్లనూరు రైతులకు ఎండకంటే ఈదురుగాలి పెద్ద శత్రువు. గాలి గురించి మూడు నెలల అంచనాలో ఏమీ ఉండదు. గెల వేసిన చెట్లకు ఊతకర్రలు మార్చిలోపే పెట్టించండి.

పట్టుపురుగులు పెంచేవారు. హిందూపురం, మడకశిర ప్రాంతంలో షెడ్డు లోపల 24–28 డిగ్రీలు నిలపాలి. ఎక్కువ వేడి అని బలమైన మొగ్గు కనిపిస్తే, ఏప్రిల్, మే పంటలకు గుడ్లు తీసుకునే ముందే షెడ్డు పైకప్పు మీద కొబ్బరి మట్టలు, కిటికీలకు తడి గోనెలు సిద్ధం చేసుకోండి. షెడ్డును చల్లగా ఉంచే ఏర్పాటు లేకపోతే తక్కువ గుడ్లతో మొదలుపెట్టడం మంచిది.

ఇళ్లలో. పైకప్పుకు తెల్ల సున్నం, వాకిట్లో నీడకు పందిరి, ఓఆర్ఎస్ పొట్లాలు. ఇళ్లు కట్టించేవారు మేస్త్రీతో మాట్లాడి పని వేళలు తెల్లవారుజాముకు, సాయంత్రానికి మార్చండి. బడులు మార్చి మధ్యలో ఒంటిపూటకు మారడం మామూలే. అంతకు ముందే మధ్యాహ్నం ఆటలు మాన్పించండి.

9. అక్కడి నుంచి దగ్గరి అంచనాలకు మారండి

ఫిబ్రవరి అంచనాను గోడకు అతికించి మే దాకా అదే చూస్తూ కూర్చోవడం రెండో పెద్ద పొరపాటు. దాని పని సన్నాహాల వరకే. తరువాత ఇలా:

- ప్రతి గురువారం వాతావరణ శాఖ రాబోయే వారాల విస్తృత అంచనా ఇస్తుంది. కోత ఏ వారంలో పెట్టుకోవాలో ఆలోచించడానికి ఇది.
- మంగళ, శుక్రవారాల్లో జిల్లా వ్యవసాయ వాతావరణ సలహా వస్తుంది. మేఘదూత్‌లో తెలుగులోనే చదవవచ్చు. మందు కొట్టాలా, నీళ్లు కట్టాలా అన్నదానికి ఇది.
- రోజూ అమరావతి వాతావరణ కేంద్రం ప్రకటన వస్తుంది. రేపు కాయలు ఆరబెట్టాలా అన్నదానికి ఇది.
- ఉరుములు, పిడుగులకు మూడు గంటల ముందస్తు హెచ్చరికలు, పిడుగుకు దామిని. ఇవి ప్రాణాల కోసం. హెచ్చరిక మోగితే చెట్టు కింద నిలబడకండి, గొర్రెల మందను చెట్ల కిందికి తోలకండి, పొలంలో మోటారు దగ్గరి నుంచి పక్కకు రండి.

రోజువారీ ప్రకటనలోని మాటలకూ లెక్క ఉంది. "ఒకటి రెండు చోట్ల" అంటే ఆ ప్రాంతంలోని పావువంతు కేంద్రాల లోపు. "కొన్ని చోట్ల" అంటే సగం లోపు. "చాలా చోట్ల" అంటే సగం నుంచి ముప్పావు దాకా. "దాదాపు అన్ని చోట్ల" అంటే ఆపైన. రాయలసీమలో ఒకటి రెండు చోట్ల వాన అన్నారు, మా ఊళ్లో పడలేదు కాబట్టి అబద్ధం అనేవాళ్లకు ఇదే జవాబు.

హెచ్చరికల రంగులు వేరు, మూడు నెలల పటం రంగులు వేరు. ఆకుపచ్చకు ఏమీ చేయనక్కర్లేదు, పసుపుకు గమనిస్తూ ఉండాలి, నారింజకు సిద్ధంగా ఉండాలి, ఎరుపుకు వెంటనే కదలాలి. మార్చి–మే పటంలో ఎరుపు చూసి "రెడ్ అలర్ట్ ఇచ్చారు" అని గ్రూపుల్లో పెట్టేవారిని దయచేసి సరిదిద్దండి.

10. మీ దగ్గర మీరే కొలవండి

థర్మామీటరు నేల నుంచి నాలుగడుగుల ఎత్తున, గాలి ఆడే నీడలో ఉండాలి. మధ్యాహ్నం ఎండ కాగిన గోడకు తగిలిస్తే, రేకు కింద పెడితే అది గోడ వేడినీ రేకు వేడినీ చూపిస్తుంది. ఎండలో నిలిపిన కారు చూపే 47 డిగ్రీలు, ఫోనులో "అనిపించే ఉష్ణోగ్రత" అని వచ్చే అంకె, వాతావరణ శాఖ అంకె: ఈ మూడూ మూడు వేర్వేరు కొలతలు. ఒకదానితో ఒకటి పోల్చి పోట్లాడకండి.

వానకు డబ్బాను చెట్లకు, గోడలకు దూరంగా, కదలకుండా పెట్టండి. ఉదయం 8:30కి స్కేలుతో లోతు చూసి రాయండి. శాఖ కూడా ఆ వేళకే 24 గంటల వాన లెక్క కడుతుంది. సోమవారం రాత్రి పడిన వాన మంగళవారం లెక్కలోకి వస్తుందని గుర్తుంచుకోండి, లేకపోతే మీ పుస్తకానికీ వారి పట్టికకూ రోజు తేడా వస్తుంది. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు, ఎకరాకు సుమారు 4,000 లీటర్లు. 2.5 మిల్లీమీటర్లు పడితేనే దాన్ని వాన పడిన రోజు అంటారు.

కొలవడానికి తీరిక లేకపోతే దగ్గరి పరిశీలన కేంద్రం అంకె రోజూ రాసుకున్నా చాలు.

11. నెలాఖరున సరిచూడండి

మార్చి 31న ముప్పై ఒక్క గరిష్ఠాలు కూడి 31తో భాగించండి. 5వ మెట్టులో రాసుకున్న సాధారణంతో పోల్చండి. తేడా అర డిగ్రీ లోపు ఉంటే దాన్ని సాధారణంగానే లెక్కించండి. ఇది ఇంటి లెక్క కాబట్టి అంతకంటే పట్టుదల అక్కర్లేదు. రాత్రులకూ ఇలాగే.

జ్ఞాపకం మీద మాత్రం ఆధారపడకండి. మార్చి 28, 29న 41 డిగ్రీలు కొడితే నెలంతా మండిపోయినట్టే గుర్తుంటుంది. మొదటి రెండు వారాలు చల్లగా గడిచిన సంగతి పుస్తకమే చెబుతుంది.

అంచనా సరిపోయిందా లేదా అని తేల్చేటప్పుడు శాతాన్ని చూడండి. 60 శాతం అన్నారంటే, అలా చెప్పిన పది సార్లలో నాలుగు సార్లు వేరేలా జరగడానికి చోటుంది. ఒక్క ఏడాది తప్పిందని "వీళ్లవన్నీ కాకిలెక్కలు" అనడం తప్పు; ఒక్క ఏడాది నిజమైందని గుడ్డిగా నమ్మడమూ తప్పే. అంచనా, శాతం, జరిగింది అన్న మూడు గడులతో వరుసగా కొన్నేళ్లు నింపితే, మన ప్రాంతానికి ఏ పటం ఎంత పనికొస్తుందో మీకే తెలుస్తుంది.

వాన శాతాలు చూసేటప్పుడు 6వ మెట్టు గుర్తు చేసుకోండి. జిల్లా పట్టికలో "అత్యధికం" అని ఉన్నా మిల్లీమీటర్ల గడి చూడకుండా ముందుకు పోవద్దు.

పంట నష్టం జరిగితే

అకాల వర్షం, వడగండ్ల వల్ల నష్టం వస్తే ముందు ఫోటోలు తీయండి, తరువాతే చేను సర్దండి. ప్రధానమంత్రి ఫసల్ బీమా కట్టిన పంటకు వడగండ్ల నష్టాన్ని 72 గంటల్లోపు తెలియజేయాలి. కోసి పొలంలో ఆరబెట్టిన పంటకు కోత తరువాత 14 రోజుల దాకా ఈ రక్షణ ఉంటుంది. మీ పంట, మీ మండలం అందులో ఉన్నాయో లేదో రైతు సేవా కేంద్రంలో మబ్బులు రాకముందే అడిగి పెట్టుకోండి. విపత్తు సమయంలో సహాయానికి రాష్ట్ర నియంత్రణ గది నంబరు 1070.

ఇంకో ప్రశ్న: దీన్నిబట్టి ఖరీఫ్ చెప్పవచ్చా?

చెప్పలేము. ఫిబ్రవరి అంచనాలో ఎల్ నినో, లా నినా (పసిఫిక్ సముద్రపు నీరు మామూలు కంటే వేడెక్కడం, చల్లబడడం) ప్రస్తావన ఉంటుంది, అది చూసి జూన్‌లో వేరుశనగ వేయాలా వద్దా అని అడుగుతున్నారు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య పసిఫిక్ సముద్రం గురించి చేసే అంచనాలు మిగతా నెలల కంటే బలహీనంగా ఉంటాయి. మార్చి ఆఖరున ఏప్రిల్–జూన్ అంచనా వస్తుంది. దాన్ని 1వ మెట్టు నుంచి మళ్లీ ఇలాగే చదవండి. నైరుతి రుతుపవనాలపై తొలి అంచనా ఏప్రిల్ మధ్యలో వస్తుంది, అది దేశం మొత్తానికి. మే ఆఖరున వచ్చే సవరణలో దక్షిణ ద్వీపకల్పానికి విడిగా, జూన్ నెలకు విడిగా చెబుతారు. వేరుశనగా, కందా, ఆముదమా అన్నది ఆ కాగితం చేతికి వచ్చాక, నేల పదును చూశాక తేల్చుకోండి.